కువైట్ విమానానికి కరువు నేర్పిన సన్నాహం

బెంగళూరు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు నేరుగా వెళ్లే ఎయిర్ ఇండియా విమానం 2021 జనవరిలో మొదలైంది. దాదాపు 17 గంటల ప్రయాణం. అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరకు వెళ్లే అనంతపురం తల్లిదండ్రులకు, వీసా చేతికొచ్చాక, దానికి సర్దుకోవడం కొద్ది రోజుల పని. కదిరి వైపు నుంచి కువైట్‌కు బయల్దేరే మనిషి కూడా చాలాసార్లు బెంగళూరులోని అదే దేవనహళ్లి విమానాశ్రయానికే వస్తాడు. అతని విమానం ఐదు గంటల్లోపే దిగిపోతుంది. సన్నాహం మాత్రం నెలల తరబడి సాగుతుంది, ఒక్కోసారి ఏడాది దాటుతుంది. తక్కువ దూరానికి ఇంత పెద్ద ఏర్పాటు ఎందుకు? నిరక్షరాస్యత అనో, ఏజెంట్ల మోసం అనో చెప్పి ఊరుకోవడం మనకు అలవాటైపోయింది. నా ఉద్దేశంలో ఈ సన్నాహం విమానాల కంటే చాలా పాతది. ఈ మెట్టనేల తన కరువుల్లో దాన్ని తయారుచేసుకుంది. కువైట్ వచ్చాక కొత్తగా కలిసింది కాగితం ఒక్కటే. అతుకు సరిగా పడనిదీ అక్కడే.

అనంతపురంలో సగటు వర్షపాతం ఏడాదికి 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లోనే. పడమటి కనుమల చాటున ఉండటంతో నైరుతి మేఘం ఇక్కడికి చేరేసరికి తేలిపోతుంది, ఈశాన్య రుతుపవనమూ తీరం దాటి ఇంత దూరం వచ్చేలోపు అలసిపోతుంది. మొత్తం తక్కువ కావడం ఒక కష్టమైతే, అదును తప్పడం అంతకంటే పెద్ద కష్టం. ఒక దశలో ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఎనిమిది లక్షల హెక్టార్ల దాకా వేరుశనగ వేశారు. ఊడలు దిగే సమయంలో మూడు వారాలు వాన మొహం చాటేస్తే ఆ పెట్టుబడంతా మట్టిలో కలిసినట్టే. 1876-78 నాటి ధాత కరువు బళ్లారి ప్రాంతాన్ని ఖాళీ చేసింది. ఆ బళ్లారి నుంచి విడదీసే 1882లో అనంతపురం జిల్లాను ఏర్పాటు చేశారు. అంటే ఈ జిల్లా పుట్టేనాటికే ఇల్లు వదిలి వెళ్లడం ఇక్కడివాళ్లకు తెలిసిన విద్య. ముందు ఒకడు వెళ్లి పని చూసొస్తాడు. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని పాత బాకీలో కొంత కడతారు. ముసలివాళ్ల దగ్గర పిల్లల్ని వదులుతారు, జీవాలను తెలిసినవాళ్ల మందలో కలుపుతారు. వచ్చే వానకు తిరిగి విత్తనం వేయాలి కాబట్టి పొలం అమ్మరు. బెంగళూరు కట్టడాలకు వెళ్లినవాళ్లు ఈనాటికీ పాటిస్తున్న పద్ధతి ఇదే.

1973లో చమురు ధరలు పెరిగాక గల్ఫ్‌లో కట్టడాలూ, ఇంటిపనులూ విపరీతంగా పెరిగాయి. రాయచోటి, రాజంపేట, వాటి పక్కనే కదిరి ప్రాంతం అటు మళ్లాయి. ఈ మనుషులకు ఆ దారి కొత్త, పద్ధతి పాతది. పని చూసొచ్చే మొదటి మనిషి స్థానంలో వీసా పంపే బావమరిదో చిన్నాన్న కొడుకో వచ్చాడు. మేస్త్రీ అడ్వాన్సు స్థానంలో నూటికి రెండో మూడో రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు వచ్చింది, దానికి పూచీగా పట్టాదారు పాస్‌పుస్తకమో భార్య మెడలోని బంగారమో వెళ్లింది. పిల్లలు మళ్లీ అవ్వాతాతల దగ్గరే. పెట్టెలోకి ఏం వెళ్లాలో కూడా ముందు వెళ్లినవాళ్లే చెబుతారు: ఎండుమిర్చి, చింతపండు, పొడులు పెట్టుకో, గసగసాలు మాత్రం వద్దు. మన వంటింట్లో మసాలా అయిన ఆ గింజ గల్ఫ్‌లోని పలు దేశాల్లో మత్తుమందుల కింద నిషిద్ధం. ఊళ్లోవాళ్లు తమ బంధువుకిమ్మని తెచ్చే పొట్లాన్ని విప్పి చూడకుండా పెట్టెలో వేసుకోకూడదన్నదీ ఆ చదువులో భాగమే. ఏ ప్రభుత్వ కరపత్రం కంటే ముందు ఈ జ్ఞానం ఇంటింటికీ చేరింది.

కాగితం సంగతి వేరు. పందొమ్మిదో శతాబ్దంలో మారిషస్‌కూ నటాల్‌కూ ఒప్పంద కూలీలను ఎక్కించేటప్పుడు మద్రాసు రేవులో డాక్టరు పరీక్ష, ఒప్పందం మీద వేలిముద్ర, వలసదారుల రక్షకుడనే అధికారి అనుమతి ఉండేవి. 1922 చట్టం ఆ చట్రాన్నే కొనసాగించింది, దాని స్థానంలో వచ్చిన 1983 వలస చట్టమూ రక్షకుడి పదవిని అలాగే ఉంచింది. పది పాస్ కానివారి పాస్‌పోర్టుకు గల్ఫ్ దేశాలకు ఉద్యోగం మీద వెళ్లేటప్పుడు ఆ అనుమతి కావాలి. ఇంటిపనికి వెళ్లే మహిళకు 30 ఏళ్లు నిండాలి. 2016 నుంచి అలాంటి మహిళలను ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలన్నారు. ఉద్దేశం మంచిదే. కానీ ఆ రక్షకుడి కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది, కదిరి వీధిలో ఉన్నది సబ్ ఏజెంటు. చట్టం లైసెన్సు ఇచ్చింది పట్నంలోని ఏజెన్సీకి; ఊళ్లో డబ్బు తీసుకుని, కాగితాలు చేతికిచ్చేది ఏ రిజిస్టరులోనూ లేని మనిషి. ఆ కాగితంలో ఏముందో తెలియక జరిగే నష్టం చిన్నది కాదు. కువైట్‌లో 18 నంబరు వీసా అంటే ప్రైవేటు కంపెనీ పని, 20 అంటే ఇంటిపని. 2010 కార్మిక చట్టం మొదటివారికే వర్తిస్తుంది. ఇంటిపనివాళ్లకు వారానికో సెలవు, పనిగంటల పరిమితి రాతపూర్వకంగా వచ్చింది 2015 నాటి 68వ చట్టంతో. డ్రైవరు పని అని అప్పు చేసి వెళ్లినవాడికి తన వీసా మీద ఏ నంబరుందో దిగాక తెలిస్తే, అతను ఏ చట్టం కింద ఫిర్యాదు చేయాలన్నది కూడా అప్పుడే తెలుస్తుంది.

దీనికి అడ్డు చెప్పేవాళ్లున్నారు. కాలువ నీళ్లున్న గోదావరి జిల్లాల నుంచి కూడా వేలమంది మహిళలు కువైట్ వెళ్లారు కదా, ఇందులో కరువు ప్రసక్తి ఏముందంటారు. సరైన ప్రశ్నే. కువైట్ వెళ్లడానికి కరువొక్కటే కారణమని నేననడం లేదు. కూలి తేడా ఎక్కడివాళ్లనైనా లాగుతుంది. కరువు నిర్ణయించింది వెళ్లే తీరును: పొలం అమ్మకుండా తాకట్టు పెట్టడం, కుటుంబాన్ని రెండుగా చీల్చుకోవడం, తిరిగొస్తామన్న లెక్కతోనే బయల్దేరడం. మరో వాదన ఉపాధి హామీ గురించి. ఆ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న ఈ జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో ప్రారంభించారు. ఊళ్లోనే పని దొరికినా వెళ్తున్నారంటే అది ఆశే తప్ప అవసరం కాదంటారు. ఊళ్లో దొరికే ఆ కూలి పూటగడుపుతుంది, నిజమే. నీళ్లు పడని మూడు బోర్ల బాకీని, కూతురి పెళ్లి ఖర్చును ఒక్కసారిగా తీర్చే మొత్తం దాంట్లో రాదు. అందుకోసం వెళ్లడాన్ని ఆశ అనడానికి నాకు నోరు రాదు.

కాగితం లోపం వెళ్లిన రోజున బయటపడదు. 1990 ఆగస్టులో కువైట్ మీద ఇరాక్ దాడి జరిగినప్పుడు అమ్మాన్ మీదుగా 1,70,000 మందికి పైగా భారతీయులను 488 విమానాల్లో తెచ్చారు. ఆ విపత్తును ఎవరూ ఊహించలేదు, అక్కడ తప్పు పట్టడానికి లేదు. 2018 సంగతి అలా కాదు. ఆ ఏడాది జనవరి చివర నుంచి ఏప్రిల్ 22 దాకా కువైట్ క్షమాభిక్ష ప్రకటించింది. అకామా (నివాస అనుమతి) గడువు తీరిపోయి, జరిమానా కట్టలేక, ఇంటికి రాలేక ఏళ్ల తరబడి చిక్కుకున్నవాళ్లు అప్పుడు బయటపడ్డారు. పనిచేయించుకునే కఫీలు (పూచీపడే యజమాని) కాగితం మీద ఒకరు, నిజంలో మరొకరు కావడం వాళ్లలో చాలామంది కథ. మొదటి తప్పు కువైట్‌లో జరగలేదు, బయల్దేరకముందే జరిగింది.

అందుకే అడగవలసింది పెద్ద పథకమేమీ కాదు. వలస అనుమతి చూసే అధికారి నెలకు ఒక్కరోజైనా కదిరిలో కూర్చోవాలి, ఒప్పందాన్ని తెలుగులో చదివి వినిపించాలి. లైసెన్సున్న ఏజెన్సీ తీసుకోదగ్గ గరిష్ఠ రుసుము 30,000 రూపాయలు, పన్ను అదనం. ఆ అంకె ప్రతి గ్రామ సచివాలయం గోడ మీద రాసి ఉండాలి. ఇక ఈ నెలలో బయల్దేరుతున్నవాళ్లకు ఒక మాట: పెట్టె కట్టకముందు వీసా మీద 18 ఉందో 20 ఉందో చూపించుకోండి. పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం మూడింటి నకళ్లూ ఇంట్లో పెద్దవాళ్ల చేతికిచ్చి, ఆ తర్వాతే విమానం ఎక్కండి.