నాపరాతి కింద సూదంటురాయి

కడప జిల్లా పశ్చిమ భాగంలో నేల మీద కనిపించే రాళ్లలో చాలావాటికి అయస్కాంత గుణం లేదనదగినంత తక్కువ. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల ప్రాంతాల్లో నాపబండలుగా కోసి ఇళ్లలో పరిచేదీ, సిమెంటు కర్మాగారాలకు తరలేదీ అయిన నార్జి సున్నపురాయి, గండికోట వద్ద పెన్న నిలువునా కోసిన క్వార్ట్జైటు, ప్రొద్దుటూరు వైపు నల్లరేగడి కింద ఉన్న షేలు అనే మెత్తని పొరరాయి, ఇవన్నీ నీటి అడుగున పేరుకొని గట్టిపడినవే. సూదంటురాయికి ఆకర్షణశక్తినిచ్చే మాగ్నటైటు ఖనిజం వీటిలో అతిస్వల్పం కనుక, పైన ఎగిరే విమానంలోని అయస్కాంతమాపకానికి ఈ పొరలు ఉన్నా లేనట్టే. దానికి తెలిసేది వాటి అడుగున ఉన్న ప్రాచీన గ్రానైటు పీఠమూ, ఆ పొరల నడుమకు చొరబడిన నల్లరాయీ.

ఈ పొరల వరుసను శాస్త్రీయంగా నిర్ధారించే పని విమానాలు పుట్టకముందే మొదలైంది. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ 1872లో కడప, కర్నూలు శిలాసముదాయాలపై వెలువరించిన గ్రంథం నేటికీ మూలాధారమే. గువ్వలచెరువు, వేంపల్లె, పులివెందుల, తాడిపత్రి వంటి ఊళ్ల పేర్లు ప్రపంచ భూవిజ్ఞాన వాఙ్మయంలో రాతిపొరల పేర్లుగా నిలిచిపోవడం ఆ పరంపర ఫలితమే. అయితే ఈ పొరలు పరుచుకొన్న సుమారు 44,500 చదరపు కిలోమీటర్ల నెలవంక ఆకారపు బేసిన్‌లో, అనగా పల్లమై అవక్షేపాలతో నిండిన ప్రాంతంలో, పొరలు ఎంత లోతుకు దిగుతాయో, వాటి కింద ఏముందో కాలినడక సర్వేకు అందే విషయం కాదు.

ఆ అవసరం తీర్చగల పరికరం వేరొక అవసరం నుంచి వచ్చింది. సోవియట్ శాస్త్రవేత్త లోగచేవ్ 1936లోనే విమానం నుంచి అయస్కాంత క్షేత్రాన్ని కొలిచినా, ఈ విద్యకు ఊపు తెచ్చింది రెండవ ప్రపంచయుద్ధం. గల్ఫ్ చమురు సంస్థ పరిశోధనశాలలో విక్టర్ వాకియే రూపొందించిన ఫ్లక్స్‌గేట్ అయస్కాంతమాపకాన్ని సముద్రంలో మునిగి తిరిగే జలాంతర్గాముల ఇనుప దేహాలను పసిగట్టడానికి వాడారు. అదే పరికరంతో 1944లో అమెరికా భూవిజ్ఞాన సర్వే పెన్సిల్వేనియాలోని బోయర్‌టౌన్ మీద ఎగిరి రాళ్లను వెదికింది. భారతదేశంలో 1967-68లో అమెరికా సహాయంతో ‘ఆపరేషన్ హార్డ్ రాక్’ పేరిట జరిగిన వైమానిక సర్వేకు ఎంచుకున్న రాష్ట్రాలలో రాజస్థాన్, బీహార్‌లతో పాటు ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. 1961లో హైదరాబాదులో వెలసిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ తరువాతి దశాబ్దాల్లో ఇటువంటి కొలతల సేకరణకూ, వాటి అర్థవివరణకూ ముఖ్య కేంద్రాలలో ఒకటైంది.

పద్ధతి చెప్పడానికి సులువు. విమానం సమాంతర రేఖల మీద ఎగురుతూ క్షేత్రబలాన్ని నమోదు చేస్తుంది. కడప పరిసరాల్లో సుమారు 41,000 నానోటెస్లాలు ఉండే ఆ బలంలో నుంచి భూగోళమంతటికీ చెందిన భాగాన్ని తీసివేస్తే మిగిలే కొద్దిపాటి హెచ్చుతగ్గులే రాళ్ల జాడ; వాటినే పటంగా గీస్తారు. పైపైన ఉన్న రాయి ఇరుకైన, పదునైన మార్పును చూపితే, లోతున ఉన్నది వెడల్పాటి, మెల్లని మార్పును చూపుతుంది. ఈ తేడా నుంచే లోతును అంచనా కడతారు.

చిక్కంతా ఆ జాడను చదవడంలో ఉంది. ఉత్తర దేశాల పాఠ్యగ్రంథాల్లో అయస్కాంత శిలకు దాదాపు పైనే పటంలో శిఖరం కనిపిస్తుంది. కానీ ముల్లు వాలకుండా సమతలంగా నిలిచే అయస్కాంత భూమధ్యరేఖ దక్షిణ భారతం మీదుగానే పోతున్నందున, కడప వద్ద దిక్సూచి ముల్లు క్షితిజానికి సుమారు 15 డిగ్రీలే కిందికి వాలుతుంది. ఫలితంగా ఇక్కడ రాయి ఉన్నచోట పటంలో పల్లమూ, దాని పక్కన మిట్టా కనిపించడం పరిపాటి. ఉత్తర దక్షిణాలుగా సాగే డైకులు, అంటే పగుళ్లలో గోడల్లా నిలిచిన శిలాద్రవపు రాళ్లు, బలహీనంగా కనిపించగా తూర్పు పడమరలుగా సాగేవి స్పష్టంగా తేలుతాయి. పటంలో గీత లేదు కనుక నేలలో డైకు లేదనుకోవడం ఇక్కడ పెద్ద పొరపాటు. పైగా రాయి చల్లబడిన నాటి క్షేత్రదిశ దానిలో ముద్రపడి మిగిలి ఉంటే లెక్క ఇంకా తారుమారవుతుంది.

పులివెందుల ప్రాంతం ఈ విద్యకు మంచి పరీక్ష. వేంపల్లె, తాడిపత్రి పొరల నడుమకు చొచ్చుకొని పరుపుల్లా పరుచుకొన్న డోలరైటు అనే నల్లరాతి పలకలను సిల్లులంటారు. పులివెందుల సిల్లు వయస్సు సుమారు 188 కోట్ల సంవత్సరాలని తేలింది. మెగ్నీషియం దండిగా ఉన్న డోలమైటు సున్నపురాయికి ఆ వేడి ద్రవం తగిలిన అంచుల్లోనే బ్రాహ్మణపల్లె వద్ద రాతినార ఏర్పడింది. ఆ చుట్టుపక్కల దొరికే ముగ్గురాయికి గానీ, తుమ్మలపల్లె డోలమైటులోని యురేనియానికి గానీ చెప్పుకోదగిన అయస్కాంత గుణం లేదు. కాబట్టి అయస్కాంత పటం వాటిని నేరుగా చూపదు, వాటి ఇరుగుపొరుగు సిల్లులనూ, పీఠంలోని విరుగుళ్లనూ మాత్రమే చూపుతుంది.

సిల్లుల గజిబిజి కింద లోతులో ఏముందన్న ప్రశ్నకు అయస్కాంత పటం ఒక్కటే చాలలేదు. బేసిన్ నైరుతి భాగంలో గురుత్వాకర్షణ చుట్టుపక్కల కంటే ఎక్కువగా ఉండటాన్ని బట్టి, అడుగున బరువైన నల్లరాతి రాశి ఉండవచ్చని శాస్త్రవేత్తలు ఊహించారు. 1970ల్లో సోవియట్ సహకారంతో కావలి నుంచి ఉడిపి వరకు సుమారు 600 కిలోమీటర్ల పొడవున పేలుళ్ల ప్రకంపనలతో జరిగిన లోతు సర్వే బేసిన్‌ను అడ్డంగా దాటి, పీఠం ఒకే పళ్లెంలా కాక బ్లాకులుగా విరిగి వేర్వేరు లోతుల్లో ఉన్నట్టు చూపింది. ఆ తరువాత వైమానిక పటాలను ఈ రెండింటి పక్కన పెట్టి చదవడం ఆనవాయితీ అయింది. 2017లో మొదలైన జాతీయ వైమానిక భూభౌతిక పటరచన కార్యక్రమం 300 మీటర్ల ఎడంతో గీతలు గీస్తూ నేలకు సుమారు 80 మీటర్ల ఎత్తునే ఎగిరేలా రూపొందింది. అంత దగ్గరగా ఎగిరితే సిల్లుల అంచులు మరింత పదునుగా కనిపిస్తాయి, వాటిని అడుగు పీఠపు మెల్లని ఛాయ నుంచి విడదీయడం మాత్రం లెక్కల పనిగానే ఉంటుంది.