సింహపు నోట లివింగ్‌స్టన్

మీ సంఘములో ఎవరైనను నొప్పితో మూలుగుచుండగా, విశ్వాసము చాలకనే ఓర్చుకొనలేకున్నాడని ప్రక్కవారు గుసగుసలాడుట మీరు వినియుందురు. ఒకవేళ మీరే అనియుందురు. మరల అనుటకు ముందు ఈ చరిత్ర చదువుడి.

1844లో డేవిడ్ లివింగ్‌స్టన్ దక్షిణాఫ్రికాలోని మబోట్స అను గ్రామమున మిషనెరీగా ఉండెను. సింహములు ఊరి పశువులను చంపుచుండగా ఆయన గ్రామస్థులతో కూడ వేటకు వెళ్లెను. తుపాకి రెండు గొట్టములును పేల్చి మరల మందు కూరుచుండగా, గాయపడిన సింహము మీదికి దుమికి ఆయన భుజము కరచి, కుక్క ఎలుకను విదిలించినట్లు విదిలించెను. ఎడమచేతి యెముక నుగ్గాయెను. పదకొండు పంటిగాట్లు పడెను. అయినను ఆ గడియలో తనకు నొప్పి గాని భయము గాని తోచలేదనియు, జరుగునదంతయు తెలియుచునే యుండి కలలో నున్నట్లుండెననియు 1857లో అచ్చయిన తన గ్రంథములో వ్రాసెను. క్లోరోఫారము కొద్దిగా పీల్చిన రోగి కత్తిని చూచును గాని కోత నెరుగడు. తన స్థితి అట్టిదనెను. క్రూరమృగముల వాతబడు ప్రాణులన్నిటికిని సృష్టికర్త దయతో ఈ ఏర్పాటు చేసియుండునని తలంచెను. దీనిని తన భక్తి లెక్కలో వేసికొనలేదు, చూడుడి.

ఆయనను కాపాడ తుపాకి గురిపెట్టిన స్వదేశీయోపదేశకుడు మెబాల్వే తొడను కూడ ఆ సింహము కరచెను. అతని నొప్పి యెట్టిదో ఆ కథలో లేదు. మిషను చరిత్రలలో ఇట్టివారి సంగతి సగమే దొరకును.

నూరేండ్ల తరువాత, రెండవ ప్రపంచయుద్ధమున, హెన్రీ బీచర్ అను అమెరికా వైద్యుడు గాయపడిన సైనికులను ప్రశ్నించెను. 1946లో ఆయన వ్రాసిన ప్రకారము, పెద్ద గాయములు తగిలిన 215 మందిలో నలుగురికి ముగ్గురు నొప్పికి మందు అక్కరలేదనిరి. తరువాత స్వదేశపు ఆసుపత్రిలో కోత జరిగిన జనులను అడుగగా, గాయము చిన్నదైనను ఎక్కువమంది మందు కోరిరి. సైనికునికి గాయము యుద్ధమునుండి విడుదల, ఇంటివానికి అదే ఆపద అని బీచర్ కారణము చెప్పెను.

దీని లోపలి సంగతి 1975లో కొంత బయటపడెను. స్కాట్లండులోని అబర్డీనులో హ్యూజ్, కాస్టర్లిట్జ్ అనువారు పంది మెదడునుండి నల్లమందువలె పనిచేయు పదార్థములను వేరుచేసిరి. మనుష్యుని శరీరమును అట్టివాటిని చేసికొనును. ప్రాణభయము కలిగినపుడు పిట్యూటరీ గ్రంథి బీటా-ఎండార్ఫిన్ అను హార్మోనును రక్తములోనికి విడుచును. 1978లో అమెరికాలో మరియొకటి తేలెను. పళ్లు పీకించుకొనినవారికి మందు లేని సూది వేయగా కొందరికి నొప్పి తగ్గెను; నల్లమందు గుణమును విరుచు నాలొక్సోను ఎక్కించగా వారికి నొప్పి మరల హెచ్చెను. కాబట్టి నమ్మికవలన కలిగిన ఆ ఉపశమనము భ్రమ కాదు.

ఒకనికి ఈ మందు లోపల ఊరును, ఒకనికి ఊరదు. ఊరనివానిని నిందించుట ఏల? యోబు స్నేహితులు ఏడు దినములు మౌనముగా నేలను కూర్చున్నంతవరకు మేలే చేసిరి. నోరు తెరచినప్పుడే చెరిపిరి.

గ్వాటిమాలా దేశపు ఆసుపత్రిలో జరిగిన పరీక్ష 1980లో ప్రకటింపబడెను. ఒంటరిగా నొప్పులు పడిన తల్లులకు కాన్పగుటకు సగటున 19.3 గంటలు పట్టెను. తోడుగా ఒక స్త్రీ కూర్చున్నవారికి 8.8 గంటలు. ఆమె వైద్యురాలు కాదు, చుట్టము కాదు. చేయి పట్టుకొనెను, వీపు నిమిరెను, మాటలాడుచు కూర్చుండెను.