మాతంగ పర్వతం (హంపి)

కర్ణాటకలోని హంపిలో, విజయనగర శిథిలాల నడుమ ఉన్న రాతి గుట్ట. శిఖరాన వీరభద్రుడి గుడి ఉంది. మతంగ ముని శాపానికి జడిసి వాలి ఈ దరికి రాలేదని, సుగ్రీవుడు ఇక్కడే తలదాచుకున్నాడని స్థలపురాణం.

పైనుంచి తుంగభద్ర వంపు, అరటితోటలు, విరూపాక్షాలయ గోపురం కనిపిస్తాయి. అసలు చూడాల్సింది మాత్రం పాదం దగ్గరి అచ్యుతరాయ ఆలయం. శ్రీకృష్ణదేవరాయల తర్వాత గద్దెనెక్కిన అచ్యుతరాయల కాలంలో, 1534లో కట్టారు. ఒకదానిలో ఒకటి ఒదిగిన రెండు ప్రాకారాలు, ఉత్తర ద్వారం నుంచి ఏటివైపు సాగిన అంగడివీధి, దాని ఇరుపక్కలా కప్పులేని రాతి స్తంభాల వరుసలు: కింద తిరిగితే ముక్కలుగా కనిపించే ఈ కట్టడం ఇక్కడి నుంచి పటం పరిచినట్టు ఉంటుంది.

సూర్యోదయానికే ఎక్కువమంది ఎక్కుతారు. మెట్లు ఎగుడుదిగుడు, వానపడితే బండలు జారతాయి.