పాము విషం, పొడి దగ్గు

1945 ఏప్రిల్ 12న, అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ చనిపోయిన రోజు, డాక్టరు కొలిచిన బీపీ 300/190. పక్కనే గుండె డాక్టరు ఉన్నాడు. సరైన మందే లేదు. ఉప్పు తగ్గించడం, విశ్రాంతి, మత్తు మాత్రలు... బీపీకి అప్పటి వైద్యం దాదాపు అంతే. ఇవాళ మన వీధి చివర షాపులో ఆ మాత్రలు చిల్లర డబ్బులకి దొరుకుతున్నాయి.

ఈ రెంటి మధ్యా నడిచిన కథ చాలా పెద్దది. అందులో నాకు బాగా ఇష్టమైన పాయ బ్రెజిల్‌లో ఒక పాము దగ్గర మొదలవుతుంది.

జరారాకా అక్కడి విషప్పాము. అది కాటేస్తే బీపీ పడిపోతుంది. ఆ విషం మీద సావో పౌలోలో రోషా ఇ సిల్వా, బెరాల్డో, రోజెన్‌ఫెల్డ్ అనే ముగ్గురు పనిచేశారు. బీపీని తగ్గించేది విషంలోనే ఉంటుందని ఎవరైనా అనుకుంటారు కదా. తీరా చూస్తే, విషం కలవగానే రక్తమే తనలోంచి ఒక పదార్థాన్ని పుట్టిస్తోంది. 1949లో దానికి బ్రాడీకైనిన్ అని పేరు పెట్టారు. రక్తనాళాలను వదులు చేయడం దాని పని. మనందరి ఒంట్లోనూ ఉంటుంది, కాకపోతే పుట్టిన కొద్ది క్షణాలకే విరిగిపోతుంది.

రోషా ఇ సిల్వా శిష్యుడు సెర్జియో ఫెరైరా 1965లో ఇంకో విషయం బయటపెట్టాడు. బ్రాడీకైనిన్ ప్రభావాన్ని పెంచే పదార్థం కూడా అదే విషంలో ఉంది. అంటే పాము మన రక్తంతోనే ఆయుధం చేయించి, దానికి పదును కూడా పెడుతోందన్నమాట!

ఫెరైరా దాన్ని లండన్‌లో జాన్ వేన్ ల్యాబుకి తీసుకెళ్ళాడు. వేన్ దృష్టి ఏస్ అనే ఎంజైము మీద ఉంది. 1956లో స్కెగ్స్ బృందం కనిపెట్టిన ఈ ఎంజైము యాంజియోటెన్సిన్ అనే పదార్థాన్ని చురుకైన రూపంలోకి మారుస్తుంది. అది రక్తనాళాలను బిగిస్తుంది, బీపీ పెరుగుతుంది. విషాన్ని ఏస్ మీద కూడా వేసి చూద్దామన్నాడు వేన్. ఆయన సహచరుడు బాఖ్లే వేసి చూశాడు. ఏస్ ఆగిపోయింది.

తర్వాత తేలింది అసలు సంగతి. బిగించేదాన్ని తయారుచేసేదీ, వదులుచేసే బ్రాడీకైనిన్‌ని విరగ్గొట్టేదీ ఒకటే ఎంజైము. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఈ బాధ తెలుసు. రెండు మాడ్యూల్స్ వాడే ఫంక్షన్ ఒకటే అయినప్పుడు, ఒకదాని కోసం దాన్ని ముట్టుకుంటే రెండోది కదలకుండా ఉండదు.

వేన్ సలహాదారుగా ఉన్న స్క్విబ్ కంపెనీలో కుష్మన్, ఒండెట్టి ఈ పని అందుకున్నారు. విషంలోంచి తీసిన టెప్రోటైడ్ బాగానే పనిచేసింది, కానీ సూది ద్వారానే ఇవ్వాలి. జీవితాంతం రోజూ బీపీకి సూది ఎవరు పొడిపించుకుంటారు? 1974లో వాళ్ళు వేరే ఎంజైము గురించిన ఒక వ్యాసం చదివి, ఏస్ ఆకారం కూడా అలాగే ఉంటుందని ఊహించారు. మధ్యలో జింక్ పరమాణువు ఉన్న ఒక గుంట. ఆ గుంటలో పట్టేలా చిన్న అణువు కట్టారు. అదే క్యాప్టోప్రిల్. 1981లో అమెరికాలో అనుమతి వచ్చింది. కొందరికి దద్దుర్లు వచ్చాయి, నోటికి రుచి పోయింది. అణువులో ఉన్న గంధకం మీద అనుమానంతో అది లేని ఎనలాప్రిల్ తెచ్చారు. దగ్గు మాత్రం పోలేదు.

మా నాన్నకి ఆ దగ్గే పట్టుకుంది, నాలుగు నెలలు. కఫం లేదు, జ్వరం లేదు, రాత్రిళ్ళు నిద్ర లేదు. సిరప్‌లు, ఎక్స్‌రే, టీబీ పరీక్ష, అమ్మ పెట్టే మిరియాల పాలు, అన్నీ అయ్యాయి. ఇంట్లో ఎవరూ పైకి అనని జబ్బు పేరు ఒకటి అందరి మనసుల్లోనూ తిరిగింది. చివరికి ఇంకో డాక్టరు మందుల చీటీ చూసి, "పేరు చివర 'ప్రిల్' ఉంది కదండీ, మార్చేద్దాం" అన్నారు. మూడు వారాల్లో ఇల్లు నిశ్శబ్దమైంది.

విరగాల్సిన బ్రాడీకైనిన్ విరక్కుండా శ్వాసనాళాల్లో పోగుపడి అక్కడి నరాలను గిల్లడమే ఈ దగ్గుకి ప్రధాన కారణమంటారు. అరుదుగా పెదాలు, నాలుక వాస్తాయి. అప్పుడు ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. 'సైడ్ ఎఫెక్ట్' అనే మాట నాకెందుకో ఇక్కడ అతకదు. పక్క నుంచి వచ్చిందేముంది? జరారాకా చేసిన పనే ఇదీనూ.

నాన్నకి బదులుగా రాసింది 'సార్టాన్' రకం. వీటిలో మొదటిది లోసార్టాన్, 1995లో వచ్చింది. ఇది ఏస్ జోలికే పోదు. యాంజియోటెన్సిన్ వెళ్ళి తగిలే తాళంలో ముందే తాను దూరి కూర్చుంటుంది. బ్రాడీకైనిన్ దారిన అది విరిగిపోతూ ఉంటుంది కాబట్టి దగ్గు చాలా తక్కువ.

క్యాప్టోప్రిల్ పేటెంటు స్క్విబ్‌ది. వేన్‌కి 1982లో నోబెల్ వచ్చింది, అదీ ప్రోస్టాగ్లాండిన్ల మీద చేసిన పనికి. ఫెరైరా బ్రెజిల్‌కి తిరిగి వెళ్ళి, నొప్పి ఎలా పుడుతుందన్నదాని మీద పరిశోధనలో పడ్డాడు.