దొడ్డపేట నుంచి చర్చ్ స్ట్రీట్ దాకా

1537లో కెంపేగౌడ వేయించిన బెంగళూరు పేటలో వీధి నడిచేవాళ్ళదే. దొడ్డపేట, చిక్కపేట కలిసే కూడలి చుట్టూ ఎద్దుబండి, మోతకూలీ, బేరానికొచ్చినవాడు ఇంచుమించు ఒకే వేగంతో సాగారు. ఆ దొడ్డపేటే నేటి అవెన్యూ రోడ్డు. మోటారు బండ్లు పెరిగేకొద్దీ ఊరు కాలిబాటను కోసి రోడ్డులో కలుపుతూ వచ్చింది. మిగిలిన చారెడు చోటులో ట్రాన్స్‌ఫార్మర్లు, విరిగిన డ్రైనేజీ పలకలు, ఆపిన బైకులు. దిగి రోడ్డు మీద నడిచినవాణ్ణి క్రమశిక్షణ లేనివాడంటాం. నా లెక్కన ఆ తప్పు నడిచేవాడిది కాదు, రోడ్డు గీసినవాడిది.

రెండువేల పదుల్లో టెండర్‌ష్యూర్ అనే రోడ్డు నిర్మాణ పద్ధతిలో ఊళ్ళో రెసిడెన్సీ రోడ్డు వంటివి తిరిగి కట్టారు. కాలిబాట విశాలమైంది, పైపులూ కేబుళ్ళూ దాని కిందికి చేరాయి, లేన్ల వెడల్పు రోడ్డంతా ఒకేలా ఉంచారు. రోడ్డు ఇరుకై ట్రాఫిక్ స్తంభిస్తుందన్నది గట్టి అభ్యంతరమే. కానీ ఒకచోట నాలుగు వరసలై, కాస్త ముందుకెళ్ళి రెండయ్యే రోడ్డులో ఎన్ని బండ్లు పోగలవో తేల్చేది ఆ ఇరుకు చోటే. పక్కన మిగిలిన వెడల్పు తోసుకోవడానికే పనికొస్తుంది. ఖర్చెక్కువన్న మాట నిజం. అయితే కేబులు కోసం మళ్ళీ మళ్ళీ తవ్వే రోడ్డు చవకా? రోడ్డు మీద గీతతోనే సరిపెడితే మాత్రం ఏదీ నిలవదు: 2012లో జయనగర్‌లో వేసిన సైకిల్ దారులను పార్కింగే మింగేసింది. 2020 నవంబరులో మాత్రం, రాళ్ళు పరిచిన చర్చ్ స్ట్రీట్‌ను వారాంతాల్లో వాహనాలకు మూసి, నడిచేవాళ్ళకు వదిలారు.