ఒకే ప్రెస్సు, రెండు మతాలు

లక్నోలో మున్షీ నవల్ కిషోర్ 1858లో ప్రెస్సు పెట్టాడు. అందులో ఖురాన్ అచ్చయ్యేది, తులసీదాసు రామాయణమూ అచ్చయ్యేది. ఓనరు హిందువు. అప్పట్లో ఇదేమంత వింత కాదు.

ఉర్దూ వాళ్లు ఇష్టపడే నస్తాలీఖ్ లిపి వాలుగా, ఒకదాని మీదికొకటి జారుతూ ఉంటుంది. సీసం అక్షరాలకు ఒదగదు. అందుకే రాతి అచ్చు (లితో) వాళ్లకు బాగా కలిసొచ్చింది. కాతిబు కాగితం మీద రాసింది రాతి మీదికి దింపి, వందల కాపీలు తీసేవాళ్లు. చేతిరాత అందం పోలేదు, పుస్తకం మాత్రం చౌకైపోయింది.

అంతకు ముందు వేదమైనా, హదీసైనా గురువు ముందు కూర్చుని నేర్చుకోవాల్సిందే. ఎవరికి చెప్పాలి, ఎవరికి చెప్పకూడదు అన్నది గురువు చేతిలో ఉండేది. అచ్చు ఆ పట్టు సడలించింది. గుజరాత్‌లో పుట్టిన దయానంద సరస్వతి 'సత్యార్థ ప్రకాశ్'ను సంస్కృతంలో కాక హిందీలో రాసి, 1875లో కాశీలో అచ్చు వేయించాడు. దేవ్‌బంద్‌లో చదివిన అష్రఫ్ అలీ థాన్వీ 20వ శతాబ్దం మొదట్లో 'బిహిష్తీ జేవర్' రాశాడు. అది ఆడవాళ్ల కోసం, ఉర్దూలో. ఇద్దరి మాటా దాదాపు ఒకటే: ఆచారం పేరుతో చేసేదంతా మతం కాదు, గ్రంథం ఏం చెప్తోందో చూడండి.

చదువుకునే హక్కు ఇచ్చిన మాట అది. కానీ అదే మాట కంచె కూడా వేసింది. దర్గాకు మొక్కే హిందువు, పెళ్లిలో ఊరి తంతులన్నీ పాటించే ముస్లిం, ఇద్దరూ ఒక్కసారిగా తప్పు చేస్తున్నవాళ్లయ్యారు. 1875 ప్రతిలో లేని అధ్యాయాలు రెండు దయానంద పోయాక, 1884 ప్రతిలో చేరాయి. ఒకటి క్రైస్తవం మీద విమర్శ, రెండోది ఇస్లాం మీద. అటు నుంచి జవాబులూ అచ్చులోనే వచ్చాయి. పరాయి మతం గురించి పక్కింటివాణ్ణి చూసి కాక, పుస్తకం చదివి తెలుసుకోవడం మొదలైంది.

మన ఊళ్లలో పీర్ల పండక్కి హిందువులు నిప్పుల గుండం తొక్కడం ఇంకా ఉంది. "అది మన శాస్త్రంలో లేదు కదా" అని ఇవాళ ఎవరైనా అంటే, ఆ వాక్యం అనాదిది అనుకుంటాం. నిజానికి అది ఇంతమంది నోటికి అందింది అచ్చు పుస్తకం వల్లే. ఆ పుస్తకమే లేకపోతే మనలో చాలామందికి ప్రశ్న అడిగే వీలూ ఉండేది కాదు.