వయోజన విద్యలో విమర్శనాత్మక చింతన

బాల్యమున బడికి నోచుకొనక, పొలములోనో కార్ఖానాలోనో శ్రమించుచు కుటుంబభారమును మోయుచున్న స్త్రీపురుషులకు, అక్షరజ్ఞానముతోపాటు, తమ బ్రదుకుస్థితికి కారణములను తామే విచారించి, తర్కించి, నిర్ణయించుకొను శక్తి నలవరచు విద్యావిధానమిది. వయోజనునకు ఓనమాలు రాకపోవచ్చును గాని, వడ్డీలెక్కయు, కూలిరేటును, అదనుపదనులును అతనికి కరతలామలకములు. ఆ లోకానుభవమును పాఠమునకు వెలుపల నుంచి, పిల్లల వాచకమునే పెద్దల చేతికిచ్చుట ఈ రంగమున జరిగిన పెద్ద పొరపాటు.

బ్రెజిల్ దేశీయుడైన పాలో ఫ్రెయిరీ ఈ విధానమునకు శాస్త్రీయరూపము నొసగెను. 1963లో ఆంజికోస్ పట్టణమున సుమారు 300 మంది శ్రామికులకు ఆయన పద్ధతిని చదువు చెప్పిరి. బోధకులు ముందుగా ప్రజల సంభాషణల నాలకించి, వారి జీవితముతో పెనవేసికొన్న పదముల నేరి, వానికి సంబంధించిన చిత్రములను చూపి చర్చ జరిపించి, ఆ పిమ్మటనే పదమును అక్షరములుగా విడదీసి చూపెడివారు. 1964లో సైనికప్రభుత్వమేర్పడగా ఫ్రెయిరీ చెరసాలకును, ప్రవాసమునకును లోనుకావలసివచ్చెను.

భారతదేశమున 1988లో నెలకొల్పబడిన జాతీయ సాక్షరతా మిషన్, చదువుట, వ్రాయుట, లెక్కించుటలతోపాటు, తమ లేమికి హేతువుల నెరిగి, సంఘటితులై దానిని తొలగించుకొన యత్నించుటను కూడ సాక్షరతాలక్షణముగా పేర్కొనెను. నిమిషమునకు 30 మాటలు పైకి చదువవలెనని నియమమును గూడ విధించెను. చదువు వేగమును గడియారముతో కొలువవచ్చును గాని, హేతువు నెరుగుట అట్టి కొలతకు లొంగునది కాదు. కావుననే అది తరచుగా మరుగున పడుచుండెను.

నెల్లూరు జిల్లాలో మాత్రము అది మరుగున పడలేదు. 1990-91 ప్రాంతమున 'అక్షరదీపం' పేర నడచిన ఉద్యమమున, పగలెల్ల కూలిపని చేసి రాత్రివేళ పలక పట్టిన స్త్రీలకు, సారాయి సమస్యను ఇతివృత్తముగా గైకొన్న 'సీతమ్మ కథ' పాఠ్యాంశమయ్యెను. కలిగిరి మండలములోని దూబగుంట స్త్రీలు ఆ కథను తమ సంసారములకు అన్వయించుకొని, కూలిడబ్బు ఎచ్చటికి పోవుచున్నదని తర్కించి, వర్ధినేని రోశమ్మ మొదలగువారు ముందు నడువగా, ఊరి సారాదుకాణమును మూయించిరి. అంతకంటె గమనింపదగిన విశేషము దాని తరువాతిది: వారి చర్యయే 'ఆడవాళ్లు ఏకమైతే' అను పాఠమై వాచకమునకెక్కగా, దానిని కూడబలుకుకొని చదివిన ఇతర గ్రామముల స్త్రీలు, మన యూరిలో ఇది ఏల జరుగరాదని ప్రశ్నించుకొనిరి. చదువరులే పాఠమునకు కర్తలగుటకు ఇంతకు మించిన నిదర్శనము అరుదు. ఇట్టి తరగతిలో బోధకుడు సమాధానమును తానే అందించినచో చర్చ అచ్చటనే ఆగిపోవును. ప్రశ్న నిలిపి, మౌనముగా వేచియుండుట అతనికి అన్నిటికంటె కష్టమైన పని.

ఇట్లు ఊరూర వ్యాపించిన స్త్రీల ప్రతిఘటన వలన 1992లో నెల్లూరు జిల్లా సారావేలములు పదేపదే వాయిదాపడెను. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాయందును, అదే సంవత్సరము అక్టోబర్ 1 నుండి ఆంధ్రప్రదేశమంతటను సారాయి నిషేధింపబడెను. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము అమలులోనికి వచ్చెను. ఖజానాకు కలిగిన ఆదాయనష్టమును కారణముగా చూపి 1997లో ప్రభుత్వము దానిని సడలించెను.